తెల్లది తిన్న చీటీలు

ఉలవలు తనే కనిపెట్టినట్టు మా కోడలు హిమాయత్‌నగర్ల ఏదో దుకాణం నుంచి పట్కొచ్చింది. తళతళ మెరిసే కవర్ల పోసి, మీద ఒక ఆకు బొమ్మ ఏసి అమ్ముతున్నరట. "అత్తమ్మా, ఇవి షుగర్‌కు మస్తు మంచియట. రోజూ తినాలె మీరు" అన్నది. నేను నవ్విన. "బిడ్డా, నేను చిన్నప్పుడు ఇవి గుర్రాల నోటికాడ గుంజుకొని తిన్నదాన్ని" అంటే ఆమె జోక్ అనుకున్నది.

కుక్కర్ మూత తీసినంక ఆ వాసన వంటింట్ల నుంచి హాల్లకు వచ్చింది. పొయ్యి మీద గుండిగల ఉడికిన ఉలవల వాసన. అండ్ల గడ్డి, తడి మన్ను, గుర్రం చెమట అన్నీ ఉన్నట్టే అనిపించింది నాకు. కుర్చీల కూలవడ్డ. "ఏమైందత్తమ్మా, బీపీనా?" అని కోడలు ఉర్కొచ్చింది. బీపీ గాదు, కోపం. అరవై దాటినంక గూడ తగ్గని కోపం ఒకటుంటదని ఆమెకు ఎట్ల జెప్పాలె? ఆమెకు జెప్పలే గానీ మీకు జెప్త.

నాంపల్లి స్టేషన్ ఎనుక, ఇప్పుడు వరుసగ లాడ్జీలున్న గల్లీల మా ఇల్లు ఉండె. ముందర మేముంటిమి. నాయన, అమ్మ, నేను, నాయనకు అన్నయిన పెద్దనాయన, పెద్దమ్మ, వాళ్ళ కొడుకు, మా అందరి నెత్తి మీద నానమ్మ. ఎనుక గుర్రాలు. మా తాత ఎవరో జాగీర్దార్ దొర దేవిడీ బంగ్లల గుర్రాల కొట్టం చూసేటోడట. జాగీర్లు పోయినంక ఆ దొరలకు దాణా ఎయ్య ఓపిక లేక, రెండు ఆడగుర్రాలను తాత చేతుల పెట్టి తోలిన్రట. తాత పోయిండు. గుర్రాలు మాత్రం పిల్లలు పెట్టుకుంట ఉన్నయి. "మీ తాత నాకు నగలు చేపియ్యలే, లద్దె ఎత్తమని పెట్టి పోయిండు" అని నానమ్మ దినాం తిడుతుండె.

ఆ గుర్రాలను సాకింది పెద్దనాయన. కానీ ఆయన నౌకరి గుర్రాల నౌకరి గాదు. భూమి లోపలి సంగతి చదువుకున్నడు, జియాలజిస్టు. ఆబిడ్స్ దిక్కు సర్కారు ఆఫీసుల పని. ఇంట్ల మేమందరం దాన్ని రాళ్ళాఫీసు అంటుంటిమి. నానమ్మకు ఆ ఇంగ్లీషు పేరు నోరు తిరుగకపోతుండె. "మా పెద్దోడు రాళ్ళు గొడ్తడు" అని పక్కింటోళ్ళకు చెప్తే, అయ్యో పాపం ఇంత చదివిచ్చి గిదేం కష్టమని వాళ్ళు జాలి పడుతుండిరి.

వానలు తగ్గినయంటే ఆయన జీపుల జిల్లాలకు క్యాంపు పోతుండె. నెలకో, నెలన్నరకో ఇంటికొస్తే చేతుల నిండ ముండ్ల గీతలు, ఖాకీ ప్యాంటు మోకాళ్ళకాడ ఎర్రమన్ను, జీపుల ఎనుక బట్ట సంచుల నిండ రాళ్ళు. దిగంగనే ఇంట్లకు రాడు. సీదా కొట్టంలకే. గుర్రాల మెడలు నిమిరి, కాళ్ళు ఎత్తి నాడాలు చూసి, పండ్లు చూసి, అప్పుడు మా మొఖాలు చూస్తుండె. పెద్దమ్మ గడపల చెంబుతోని నీళ్ళు పట్కొని నిలవడి, "మమ్ములను గూడ రెండు కాళ్ళ మీద గాకుండ నాలుగు కాళ్ళ మీద పుట్టిచ్చి ఉంటే మంచిగుండె దేవుడు" అంటుండె.

నేను ఆయన తోకను. ఆయన కొడుక్కు, అంటే మా అన్నకు, గుర్రమంటే భయం, రాయంటే విసుగు. నాకు రెండూ పానం. పదేండ్లుండె నాకు. రాయిని నాలుకతోని చూసుడు ఆయనే నేర్పిండు. "నాలుకకు అతుక్కుంటే అండ్ల బంకమన్ను ఉన్నట్టు. అతుక్కోకుంటే ఒట్టి రాయి. సిగ్గు పడొద్దు, మాది నాలుకతోని చేసే నౌకరి" అని నవ్వుతుండె. ఇగ నేను ఊకుంటనా? బడి ప్రహరీ గోడ మొత్తం నాకి చూసిన. పంతులమ్మ అమ్మను పిలిపిచ్చి, "మీ బిడ్డకు ఇంట్ల తిండి పెడ్తలేరా?" అని అడిగింది. అమ్మ ఇంటిదాంక నా చెవు ఇడువలే.

ఆదివారం పొద్దుగాల ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేటోళ్ళు. పెద్దనాయన నన్ను తీస్కొని పోయి ఊర్ల, గుట్టల పాత నక్షాలు ఎతుకుతుండె. దొరికినా దొరకకున్నా ఇరానీ హోటల్ల కూసునుడు ఖాయం. తన చాయ సాసర్ల వంచి నాకిస్తుండె, బిస్కెట్ ముంచుకోమని. చాయల బిస్కెట్ ఇరిగి పడకుండ ఎట్ల తియ్యాల్నో ఆయనతోనే నేర్చుకున్న. అక్కడనే ఒక దినం ఆయన జేబుల నుంచి చిన్న రాయి తీసి బల్ల మీద పెట్టి, "ఇదేంది?" అన్నడు. "రాయి" అన్న. "గాదు. ఇది కంకర. ఏ ఊర్ల, ఏ తావుల, ఎంత లోతుల దొరికిందో రాయకుండనే జేబుల ఏసుకున్న. చీటీ లేని రాయి ఎన్ని చదువులు చదివినోనికైనా కంకరే. రోడ్డు మీద పోసుకోవాలె" అన్నడు. అని, నిజంగనే దాన్ని బయట రోడ్డు మీద ఇసిరేసిండు. గంత నిక్కచ్చి మనిషి. అందుకే నేను ఆయన మాటంటే రాత అనుకుంటుంటి.

ఇగ తెల్లదాని సంగతి. కొట్టంల మూడు గుర్రాలుంటే అండ్ల ఒక్కటే పాల లెక్క తెలుపు. దానికి పేరు పెట్టలే, తెల్లది అంటే చాలు. నాంపల్లిల, ఆబిడ్స్‌ల బరాత్ ఎళ్ళిందంటే పెండ్లికొడుకు దాని మీదనే. అందంల ఎంతనో తిండిపోతుతనంల గూడ అంతనే. నానమ్మ మిద్దె మీద వడియాలు ఎండబోస్తే మెట్లెక్కి పోయి తిన్నది. ఒక పెండ్లిల అయితే ఆబిడ్స్ చౌరస్తల మెడ ఎనుకకు తిప్పి పెండ్లికొడుకు మొఖానికి కట్టిన సెహ్రా పూలు సగం నమిలి మింగింది. పెండ్లోళ్ళు ఇంటి మీదికి కొట్లాటకొచ్చిన్రు. నానమ్మ ఆ దినం ఒట్టు పెట్టింది. "ఇంకొక్క లొల్లి చేసిందంటే ఈ జానవరు నా ఇంట్ల ఉండది. ఉస్మాన్‌గంజ్ బండోడు ఎప్పటి సంది అడుగుతున్నడు, మూటల బండికి కడ్తడట. తోలిచ్చేస్త" అన్నది.

పెద్దనాయన మొఖం తెల్లవడ్డది. అడవిల పులి ఎదురైనా భయపడని మనిషికి తల్లంటే భయం. పైంగ తెల్లది అప్పుడు కడుపుతోని ఉన్నది. దాని కడుపు మీద చెవు పెట్టి నేను గూడ ఇంటుంటి. లోపల ఏదో కదిలితే "తన్నింది, తన్నింది" అని ఎగురుతుంటి.

ఆ ఏడే పెద్దనాయన నాకొక మాట ఇచ్చిండు. దసరా సెలవులకు నన్ను క్యాంపుకు తీస్కపోతనని. డేరాల పండొచ్చు, సుత్తె పట్కొని గుట్ట ఎక్కొచ్చు. "నువ్వు నా అసిస్టెంటువు" అన్నడు. అమ్మను, నాయనను ఒప్పిచ్చింది గూడ ఆయనే. నేను బడిల అందరికి చెప్పుకున్న. నాకోసమని ఒక చిన్న సుత్తె గూడ తెచ్చి ఇచ్చిండు. దాన్ని దిండు కింద పెట్టుకొని పండుకుంటుంటి.

సెలవులకు ఇంక ఇరవై దినాలున్నయేమో. పెద్దనాయన ఒక కరువు జిల్లా నుంచి వచ్చిండు. అక్కడ బాయిలు ఎక్కడ తవ్వాల్నో చూసేందుకు నాలుగైదు తావులల్ల బోరు ఏసి, లోపల నుంచి వచ్చిన మన్ను, రాతి ముక్కలు లోతు లోతుకు ఏరుగ తెచ్చిండు. ఆఫీసు గోదాం వానకు కురుస్తుందని, ఆరేదాంక ఇంట్లనే ఉంచుతనని తెచ్చి కొట్టం ముందరి వసారాల వెదురు తట్టలల్ల పోసి వరుసగ పెట్టిండు. ముప్పైకి పైన తట్టలు. ప్రతి తట్టకు ఒక చీటీ. ఆయన పుస్తకం చూసి చదువుతుంటే చీటీలు రాసింది నేను. నా రాత ముత్యాలని ఆయనకు నమ్మకం. సర్కారు రాళ్ళ మీద నా అక్షరాలని నాకు ఎంత గర్వమో! పెద్దమ్మ మైదా పిండి ఉడకపెట్టి జిగురు చేసిచ్చింది. పురుగు పట్టొద్దని అండ్ల ఇంత ఉప్పు ఏసింది. గుర్రానికి ఉప్పంటే పానమన్న సంగతి మాలో ఎవ్వరికీ తట్టలే. రాళ్ళు నాకేటోడు ఒకడు, నాకేటిది ఒకతి, ఇద్దరం కలిసి ఉప్పు చీటీలను తీస్కపోయి గుర్రం ముందర పెట్టినం.

మరునాడు మాపటీలి బడి నుంచి వచ్చిన. ఇంట్ల అమ్మోళ్ళు ముందరి అర్రల బియ్యం ఏరుతున్నరు. నేను సంచి పడేసి కొట్టంలకు ఉరికిన. తెల్లదాని తాడు ఊడిపోయి ఉన్నది. అది వసారాల నిలవడి, తట్ట మీద తట్ట నాలుకతోని తుడుస్తున్నది. నాలుగు తప్ప చీటీలు లేవు. కొన్ని తట్టలు బోర్లపడి మన్నులో మన్ను కలిసింది, రాళ్ళల్ల రాళ్ళు కలిసినయి. దాని పెదిమ మీద చిన్న కాయితం ముక్క అతికి ఉన్నది. అండ్ల నేను రాసిన ఏడు అంకె.

దాన్ని పట్టుకొని గుంజకు కట్టేసిన. ఎవ్వరికీ చెప్పలే. చెప్తే నానమ్మ దాన్ని తోలేస్తదని తెల్సు. మిగిలిన నాలుగు చీటీలు ఏరుకొని, చెప్పులు గూడ ఎయ్యకుండ ఆబిడ్స్ దాంక ఉరికిన. స్టేషన్ ముందర నుంచి, రిక్షాల నడుమ నుంచి. ఆఫీసుల చప్రాసి ఆపుతుంటే కేక పెట్టిన. పెద్దనాయన బయటికొచ్చిండు. "తెల్లది చీటీలు తిన్నది పెద్దనాయనా, తట్టలన్నీ కలిపేసింది" అని చెప్పి ఏడ్చిన. ఆయన నా నోటి మీద చెయ్యి పెట్టిండు. "ఎవ్వరికన్న చెప్పినవా?" అని అడిగిండు. లేదని తల ఊపిన. "మంచిపని చేసినవు బిడ్డా" అన్నడు. ఆ మాటకు నాకు పానం లేసొచ్చింది. ఈయనున్నడు, ఇగ ఫికర్ లేదనుకున్న.

రిక్షాల ఇంటికొచ్చినం. తట్టలను చూసిండు. తెల్లదాని నోరు తెరిచి పండ్ల సందుల నుంచి కాయితం ముక్కలు వేలుతోని తీసిండు. తడిగుడ్డతోని దాని పెదిమలు శుభ్రంగ తుడిచిండు. కడుపుల పిల్లకు ఏమన్నైతదని తుడుస్తున్నడేమో అనుకున్న. నేను గూడ గుడ్డ తడిపి ఇచ్చిన. నా చేతులతోనే ఇచ్చిన.

తెల్లారి వాళ్ళ పెద్ద సాబ్ వచ్చిండు, తట్టలు చూస్తందుకు. నానమ్మ, నాయన, పెద్దమ్మ, అమ్మ అందరు వసారాలకొచ్చిన్రు. సాబ్ చూసి నోరు తెరిచిండు. "ఏందయ్యా ఇది? సర్కారు సాంపిళ్ళు గుర్రాల కొట్టంల పెట్టినవా? ఎవరు చేసిన్రు గిది?" అన్నడు. నానమ్మ కండ్లు అప్పటికే తెల్లదాని దిక్కు తిరిగినయి.

పెద్దనాయన నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. నవ్వుకుంట అన్నడు: "మా పిల్ల సార్. ఆడుకుంట ఆడుకుంట చీటీలు పీకి తట్టలు కలిపేసింది. చిన్నపిల్ల, తెల్వదు."

నేను మొఖం ఎత్తి ఆయనను చూసిన. ఆయన నన్ను చూడలే, సాబ్‌నే చూస్తున్నడు. నెత్తి మీద చెయ్యి మాత్రం తియ్యలే. నాకు ఇయ్యాల్టికీ ఆ చెయ్యి బరువు తెలుస్తది. "నేను గాదు" అంటే అయిపోతుండె. కానీ అంటే ఏమైతదో నాకు తెల్సు, నాకు తెల్సని ఆయనకు తెల్సు. తెల్లదంటే నాకెంత పానమో చూసే ఆయన ఆ మాట అన్నడు. నేను నోరు తెరువనని లెక్కగట్టే అన్నడు. ఎవరో తెల్వనోడు చేస్తే అది మోసం. మన పానం ఎక్కడున్నదో తెల్సినోడు అక్కడనే చెయ్యి పెట్టి చేస్తే దాన్నేమనాలె?

సాబ్ ముందరనే నాయన నా చెంప మీద కొట్టిండు. సాబే పాపం "పోనియ్యుండ్రి, పిల్లలున్న ఇల్లు" అని ఆపిండు. బోర్లు మళ్ళ ఏసి తెమ్మని చెప్పి పోయిండు. పెద్దనాయన నౌకరికి ఏం కాలే, తెల్లదానికీ ఏం కాలే. నానమ్మ మాత్రం "ఆడపిల్లను మొగపిలగాని లెక్క ఎంట తిప్పుకుంటే గిట్లనే అయితది" అని, ఆ దినం సంది నన్ను కొట్టంలకు పోనియ్యలే.

మాపటీలి పెద్దనాయన బిస్కెట్ల పొట్లం తెచ్చి నా ఒడిల పెట్టిండు. ఇప్పుడన్న ఏమన్న అంటడని చూసిన. "తిను" అన్నడు, అంతనే. నేను అడిగిన, "క్యాంపుకు తీస్కపోతవు గదా?" ఆయన కిందికి చూసి, "గీ లొల్లి అయినంక ఇంట్ల ఎట్ల ఒప్పుకుంటరు బిడ్డా? వచ్చే ఏడు చూద్దాం" అన్నడు. దసరాకు క్యాంపుకు మా అన్న పోయిండు, ఏడ్చుకుంట పోయిండు. నా సుత్తెను అన్న సంచిల ఏసింది పెద్దనాయననే.

అమ్మకు ఒక్కసారి చెప్పిన. ఆమె నా జుట్టు దువ్వుకుంట, "పెద్దోళ్ళు గట్ల అబద్ధం చెప్తరా? చేసింది చేసి ఆయన మీద ఎయ్యకు, కండ్లు పోతయి" అన్నది. ఇగ నేను ఎవ్వరికీ చెప్పలే.

తెల్లది ఈనింది. గల్లీ గల్లీ వచ్చి చూసింది పిల్లను. నేను వంటింటి కిటికీకాడ మోదుగాకుల కట్ట మీద నిలవడి చూసిన. సన్నటి కాళ్ళ మీద లేస్తున్నది, పడుతున్నది. అందరు చప్పట్లు కొడుతున్నరు. దాన్ని నిలబెట్టింది నేనురా, అని అరవాలనిపించింది. కిటికీ ఊచలు పట్కొని ఊకున్న.

ఆ మాట అక్కడ ఆగలే. పదో తరగతి అయినంక సైన్సు తీస్కుంటనంటే, నాయన "రాళ్ళు కలిపినదానికి సైన్సెందుకు?" అన్నడు. నవ్విన్రు అందరు. పెద్దనాయన అక్కడనే కూసున్నడు. ఆయన ఒక్క మాట అంటే చాలుండె, ఆయన మాటకు ఇంట్ల తిరుగులేకుండె. పేపర్ మలిపి ఇంకో పేజీ చదువుకున్నడు. నేను కామర్స్ చదివిన. ఆబిడ్స్‌ల ఒక ఆఫీసుల టైపు కొట్టుకుంట ముప్పై ఏండ్లు గడిపిన. చెడ్డ బతుకేం గాదు, మంచి మొగడు, మంచి పిల్లలు. కానీ రోడ్డు మీద కంకర పోస్తుంటే ఇప్పటికీ నేను ఆగి చూస్త.

గుర్రాలు పోయినయి, ఇల్లు పోయింది. పెద్దనాయనకు తొంభై దగ్గరికొచ్చినయి. మొన్న ఎండకాలం మా అన్న ఫోన్ చేసిండు, "నాయన నిన్ను మస్తు యాది చేస్తున్నడు, ఒకసారి రా" అని. పోయిన. నన్ను చూడంగనే ఆయన మొఖం ఎలిగింది. మునిమనుమలను పిలిచిండు. "ఇగో, నేను చెప్పిన పిల్ల ఈమెనే. నా రాళ్ళన్నీ కలిపేసింది! మా సాబ్ ముందర నా పరువు తీసింది!" అని పండ్లు లేని నోటితోని పకపక నవ్విండు. పిల్లలు గూడ నవ్విన్రు. ఈ కథ ఈ ఇంట్ల ఎన్నిసార్లు చెప్పుకున్నరో వాళ్ళ నవ్వుతోనే తెలిసింది.

అన్న చాయ పెట్టిస్తనని లోపలికి పోయిండు, పిల్లలు ఫోన్లు పట్కొని పోయిన్రు. నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్న. ఈ దినం అడగకపోతే ఇగ ఎప్పుడూ అడగనని తెల్సు. "పెద్దనాయనా, ఎవ్వరు లేరు. ఇప్పుడన్న చెప్పు. చీటీలు తిన్నది తెల్లది. నేను నీ ఆఫీసుకు ఉర్కొచ్చి నీకే చెప్పిన. దాని నోరు నువ్వే తుడిచినవు, గుడ్డ నేను తడిపిచ్చిన. యాదికున్నదా?" అన్న.

ఆయన నా మొఖంల మొఖం పెట్టి చూసిండు. దాస్తున్నడా అని కండ్లల్ల ఎతికిన. నాకు పదేండ్లున్నప్పుడు ఆయన చూపు తప్పిచ్చుకున్నడు. ఇప్పుడు తప్పిచ్చుకోలే. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి ముసలోనికి. నా చెయ్యి తీస్కొని తన రెండు చేతులల్ల పెట్టుకున్నడు.

"బిడ్డా, ఇన్నేండ్లు గిది మనసుల పెట్టుకొని బాధపడ్డవా? నేను నిన్ను ఆ దినమే మాఫ్ చేసిన. చిన్నపిల్లవు, తెల్వక చేసినవు. కానీ ఇప్పుడు దాని మీద మాత్రం ఎయ్యకు. నోరు లేని జానవరు. అది ఏం పాపం చేసింది?"

అబద్ధం చెప్పేటోనితోనైతే కొట్లాడొచ్చు. ఈయన అబద్ధం చెప్తలేడు. చెప్పి చెప్పి, దాన్నే నమ్మి, నన్ను ప్రేమతోని క్షమిస్తున్నడు. ఇన్నేండ్లు నేను ఒక్క ధైర్యం మీద ఊకున్న. ఎవ్వరు నమ్మకున్నా, నిజమేందో ఆయన కడుపులన్న ఉన్నది, ఒకదినం బయటికొస్తదని.

చాయ వచ్చింది. ఆయన నా చెయ్యి ఇడువలే, ఎడమచేత్తోనే తాగిన. ఆ దినం జరిగింది తెల్సినోళ్ళం ఇద్దరం ఉంటిమి. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్న.